రాయగడ స్టేషన్లో చెంపదెబ్బ

నా చిన్నప్పుడు నేను తిన్న దెబ్బలన్నీ, ఎవరు ఎందుకు కొట్టారో సహా, నాకు గుర్తున్నాయి. మా ఇంట్లో వాళ్ళు దీన్ని జబ్బంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను. ఆ దెబ్బల్లో చాలావరకు అన్యాయంగా తిన్నవే, అందులో నాకు సందేహం లేదు. రాయగడ స్టేషన్లో ఒక పరాయి ఆడమనిషి కొట్టిన దెబ్బ మాత్రం న్యాయమో అన్యాయమో తేల్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ సగమే తేలింది.

మాది కొరాపుట్. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. కొరాపుట్ నుంచి రాయగడకు రైలు తిరగడం మొదలైన కొత్త రోజులవి. బిస్సమ్ కటక్‌లో ఉండే మా మావయ్యకు కొడుకు పుట్టాడు. అమ్మ ముందే వెళ్ళింది. పరీక్షలయ్యాక బారసాలకు నేను వెళ్ళాలి. చింతపండు వచ్చే రోజులు కావడంతో నాన్న కొట్టు వదిలి కదలలేనన్నాడు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. సరుకునైనా పిల్లల్నైనా, అటువైపు వెళ్తున్న తెలిసిన వర్తకుడికి అప్పగించి పంపేవారు. నన్నూ అలాగే ఒక బెల్లం వ్యాపారికి అప్పగించారు. రాయగడలో దింపి, సాయంత్రం బిస్సమ్ కటక్ బండి ఎక్కించే పూచీ ఆయనది. ఆయన దారిలో టికిరి సంత చూడగానే దిగిపోయాడు. "నువ్వు తిన్నగా రాయగడలో దిగి బల్ల మీద కూకో అమ్మీ. నాను ఎనకాల బస్సులో వచ్చేస్తాను" అన్నాడు. రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన కూతురి పెళ్ళికి వెళ్ళి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశాను. ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

రాయగడలో దిగేసరికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. ఆడవాళ్ళ గదిలో ఉక్కగా ఉందని బయట ప్లాట్‌ఫాం మీద బల్ల చూసుకున్నాను. ఒంటరిగా కూర్చున్న పిల్లకు మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆ రోజే తెలిసింది. నాన్న కట్టించిన పులిహోర ఆకలి లేకపోయినా తినేశాను. రంగు దీపాల తూకం మిషను చుట్టూ తిరిగాను. బోర్డు మీద ఊరి పేరును ఏ భాషలో ఎలా రాశారో పోల్చి చూశాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

అదే బల్ల మీద ఒక ఒడియా ఆవిడ ఉంది. భారీ మనిషి, ఎర్రంచు చీర. పక్కన రేకు పెట్టె, దాని పక్కన గోనెసంచి, ఆ పక్కన ఆవిడ కాళ్ళు. నాకు మిగిలింది బల్ల కొస మాత్రమే. అది చాలదన్నట్టు, ఎక్కడికి వెళ్తున్నావని ఒడియాలో అడిగింది. మొహం తిప్పుకున్నాను. కొత్తవాళ్ళతో మాట్లాడొద్దని నాన్న మరీ మరీ చెప్పాడు. మా ఇంట్లో కొత్తవాళ్ళంటే తెలుగు రానివాళ్ళు. ఎవరూ అలా విడమరిచి చెప్పలేదు గానీ, మేమందరం అలాగే అర్థం చేసుకుని పెరిగాం.

కాసేపటికి భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన మా బల్ల ముందు ఆగాడు. "ఏ ఊరమ్మీ? ఎవరి గుంటవి?" అన్నాడు. అచ్చం మా తాతయ్య మాట్లాడినట్టే ఉంది. పొద్దుట్నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులైంది. నా పేరు, నాన్న పేరు, కొరాపుట్‌లో మా కొట్టు ఏ వీధిలో ఉందో, మావయ్య పేరు, బారసాల సంగతి, టికిరిలో దిగిపోయిన బెల్లం వ్యాపారి మీద నా ఫిర్యాదు, అన్నీ చెప్పేశాను. ఆయన తలాడిస్తూ విన్నాడు. "మనోళ్ళ పిల్లవే. జాగర్త తల్లీ" అని వెళ్ళిపోయాడు. పక్కనున్న ఒడియా ఆవిడ వంక గర్వంగా చూశాను. చూశావా, ఇక్కడ మాకూ మనుషులున్నారు అన్నట్టు.

కొంతసేపయ్యాక ఒక కుర్రాయన గబగబా నా దగ్గరికి వచ్చాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడు. "మీ మావ పంపేడు. సాయంకాలం బండి ఇయ్యాల బాగా లేటట. బయట జీపు పెట్టుకుని వచ్చేను, రా. మీయమ్మ నీ కోసమే సూస్తంది" అన్నాడు. నా సంచి అందుకున్నాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు. నా పేరు తెలుసు, మావయ్య పేరు తెలుసు, మాట మా మాట. ఇంకేం కావాలి. లేచి ఆయన వెనకాల నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో, ఎవరో నా జబ్బ పట్టుకుని వెనక్కి గుంజారు. తిరిగేలోపు చెంప పేలిపోయింది.

ఆ ఒడియా ఆవిడే. "కువాడె జావుచు?" అని అరుస్తోంది, ఎక్కడికి పోతున్నావని. ఇది నా కూతురు, నేను నీళ్ళకి వెళ్ళి వచ్చేలోపు ఎవరితోనో లేచిపోతోంది చూడండని ప్లాట్‌ఫాం అంతటికీ వినిపించేలా ఒడియాలో చెబుతోంది. జనం తిరిగి చూశారు. టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు ముగ్గురు మావైపు నడిచారు. ఇంట్లో తిన్న దెబ్బలు వేరు. నలుగురిలో, పేరైనా తెలియని మనిషి చేతిలో ఎప్పుడూ తినలేదు. పైగా నన్ను కూతురంటోంది. చెంప మండుతోందని కూడా వెంటనే తెలియలేదు, చెవిలో హోరు మాత్రం వినిపించింది.

నేను ఆ కుర్రాయన వైపు చూశాను. ఇప్పుడు ఈవిడకి బుద్ధి చెబుతాడు, మా పిల్లని కొట్టడానికి నువ్వెవరని అడుగుతాడు అనుకున్నాను. ఆయన నన్ను చూశాడు, వస్తున్న జనాన్ని చూశాడు. నా సంచి నెమ్మదిగా కింద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. బయట జీపుందన్న మనిషి గేటు వైపు కూడా వెళ్ళలేదు. ప్లాట్‌ఫాం చివర దిగి, పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

దెబ్బ కంటే అది చూసి నేను ఎక్కువ బిత్తరపోయాను.

ఆవిడ నన్ను తెచ్చి బల్ల మీద కూలేసి మణికట్టు వదలకుండా పట్టుకుంది. నేను నీ కూతుర్ని కానని ఏడుస్తూ ఒడియాలో అన్నాను. "జాణిచి" అంది, తెలుసు అని, చాలా మామూలుగా. మరమరాలు తీసి పెట్టింది. నేను ముట్టలేదు. అప్పుడు తెలుగులోకి దిగింది. ముక్కలు ముక్కలుగా వచ్చినా ఆవిడకి తెలుగు వచ్చు. అంతసేపూ వచ్చు.

"మొదట వచ్చిన పెద్దమనిషి, ఈ మనిషి, ఇద్దరూ కుళాయి దగ్గర మాటాడేరు. నేను చూసేను" అంది.

మావయ్య పేరు ఆయనకు తెలుసు కదా అని నేను మొండికేశాను.

"నాకూ తెలుసు" అని ఆవిడ మొదలుపెట్టింది. నా పేరు, నాన్న పేరు, కొట్టున్న వీధి, మావయ్య పేరు, పుట్టిన పిల్లాడు, బారసాల, బెల్లం వ్యాపారి, వరసగా అప్పజెప్పింది. "అన్నీ తెలుసు. నాతో వస్తావా, జీపులో?"

ఆ మాటలన్నీ నా నోటి నుంచి వచ్చినవే. అయినా నేను ఊరుకునే రకం కాదు. ఆ సంగతి నోటితో చెప్పొచ్చుగా, కొట్టడం దేనికని అడిగాను.

"నోటితో చెప్తే వినేదానివా? పొద్దుట్నుంచి నా మొహం చూడలేదు నువ్వు" అంది. "మీ మామ మనిషే అయితే, నిన్ను కొట్టినందుకు నాతో దెబ్బలాడతాడు కదా. చూద్దామని కొట్టేను. చూసేవుగా" అంది.

సాయంత్రం ఆవిడ తన బండి వదులుకుని, నా బండి వచ్చేదాకా ఉండిపోయింది. ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, బిస్సమ్ కటక్ దాటి వెళ్తున్న ఒక నర్సమ్మ పక్కన కూర్చోబెట్టింది. బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడింది. తన పేరు మాత్రం చెప్పలేదు. అది కూడా ఆవిడ మీద నాకున్న ఫిర్యాదే.

బిస్సమ్ కటక్‌లో మావయ్య స్వయంగా వచ్చి ఉన్నాడు. ఎవరినీ పంపలేదు. దిగుతూనే నన్ను ఎవరో కొట్టారని చెప్పాను, ఇంకేమీ చెప్పకముందే. మావయ్య మొహం ఎర్రబడిపోయింది. "ఎవులే? ఎక్కడున్నాడు? పద సూపించు" అని నా చెయ్యి పట్టుకుని, నేను దిగిన పెట్టెలోకే ఎక్కబోయాడు. ఆ బండి ఎటు పోతోందో కూడా చూసుకోలేదు. నర్సమ్మ కిటికీలోంచి ఆపకపోతే ఎక్కేసేవాడే.

అప్పుడు, అక్కడ, ప్లాట్‌ఫాం మీద నాకు వణుకు మొదలైంది. రాయగడలో రానిది అప్పుడొచ్చింది. ఆ కుర్రాయన చెయ్యాల్సినదేమిటో మావయ్య చేస్తుంటే కళ్ళారా చూశాను. ఆ జీపులో ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆ క్షణంలోనే నాకు పూర్తిగా తెలిసింది.

తర్వాత జీవితంలో మన భాష అనీ, మన ఊరనీ, మనవాళ్ళమనీ చెప్పుకుంటూ చాలామంది వచ్చారు. నేను వాళ్ళ మాటను లెక్కలోకి తీసుకోను. నాకు దెబ్బ తగిలినప్పుడు సంచి కింద పెట్టి పోయేవాళ్ళెవరు, రైలెక్కబోయేవాళ్ళెవరు అని చూస్తాను. ఇలా చూడటం వల్ల నాకు చుట్టాలు తగ్గారు. ఉన్నవాళ్ళు మాత్రం గట్టివాళ్ళు.

ఆవిడ అంత గట్టిగా కొట్టనక్కర్లేదని నేను ఇప్పటికీ అంటాను. అందులో సగం బలంతో కొట్టినా పని జరిగేది. రాయగడ మీదుగా ఎప్పుడు వెళ్ళినా, బండి ఆగగానే దిగి, ప్లాట్‌ఫాం మీది బల్లలన్నీ ఒకసారి చూసి వస్తాను. ఈ మాట ఆవిడ మొహం మీదే చెప్పాలి. చెప్పి, ఆవిడ పక్కన కాసేపు కూర్చోవాలి.