అట్ట మీది ఫోటో

మొన్న అమెరికాలో అరోరా అనే ఊరికి క్యాబ్‌లో వెళ్తూ పులిహోర డబ్బా తెరిచి, దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన డ్రైవర్‌కి కూడా ఇవ్వబోయాను.

"నేనెవరితోనూ కలిసి తినను సార్," అన్నాడు. కారణం అడిగాను.

"యుద్ధంలో మా అన్నని చంపేశారు. చంపినవాడితో కలిసి తింటే, మా వైపు వాణ్ణి క్షమించినట్టు లెక్క."

యుద్ధం ఆగాక ఆయన ఓ అంతర్జాతీయ సంస్థలో పనిచేసేవాడట. వాళ్ళు శాంతి వర్క్‌షాప్ పెట్టి, లంచ్‌లో సరిగ్గా ఆ అన్నని చంపినవాణ్ణే ఈయన పక్కన కూర్చోబెట్టారు. ఉద్యోగం పోతుందని రెండు ముద్దలు తిన్నాడు. ఆ ఫోటో వాళ్ళ రిపోర్టు అట్ట మీదికెక్కింది. దేశాన్ని నిలబెడతామని వచ్చినవాళ్ళకి, అక్కడ ఎవరు ఎవరితో తింటారో అడగాలని తోచలేదు.

"ఊళ్ళో అందరూ చూశారు. మా అమ్మ నాకు మళ్ళీ వడ్డించలేదు."

దిగేటప్పుడు డబ్బా మళ్ళీ అందించాను.

"ఫోటో తీయరు కదా," అని అడిగి తీసుకున్నాడు.