కాక పెట్టిన ఇంకో కంపెనీ

ఆ రోజు కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. పారిశ్రామికవేత్తకు ఉండాల్సిన లక్షణాలేమిటన్నది ప్రశ్న. ఒక అమ్మాయి నేను క్లాసులో చెప్పినవన్నీ పొల్లుపోకుండా రాసింది. అప్పుడే ఫోన్ మోగింది. మా పక్కింటి షెడ్డులో విస్తర్లు కుట్టే అక్క. "మేడం, కాక పోయిండు. దవాఖానల, పొద్దుగాల్నే..." అంది. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేసి పేపరు పక్కన పెట్టాను.

కాక నాకు బంధువు కాదు. గోదావరిఖనిలో పక్కిల్లు, అంతే. బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. నేను కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఒంటరిగా ఇక్కడే ఉండిపోయిన కామర్స్ లెక్చరర్ని. మొదటిసారి "బాబాయ్ గారూ" అని పిలిస్తే పగలబడి నవ్వాడు. "గారు గీరు ఎందుకు బిడ్డా? అందరు కాక అంటరు, నువ్వు గూడ అను."

మా ఊళ్లో కంపెనీ అంటే ఒక్కటే, బొగ్గుగనులది. ఎవరింట్లో అన్నం ఉడికినా ఆ బొగ్గు చలవే. అలాంటి చోట రిటైరై వచ్చిన మనిషి షెడ్డు వేసి, మోదుగాకు విస్తర్లు ఒత్తే మిషన్ తెచ్చి, ఆరుగురు ఆడవాళ్లను పనిలో పెట్టుకుంటే నవ్వరా మరి? "కాక ఇంకో కంపెనీ పెట్టిండురోయ్" అని వీధిలో ఒకటే పరాచికాలు. కాక రోషపడేవాడు కాదు. "అవ్ పెట్టిన. గీ కంపెనీల కిందికి దిగుడు లేదు, కూసునుడే" అనేవాడు. ఒకసారి మాత్రం కొంచెం తీవ్రంగానే అన్నాడు. "మన భూమి కింద సంపద ఉన్నదని అందరికి తెల్సు బిడ్డా. పైన ఏమున్నదో ఎవడన్న తలెత్తి సూసిండా? బొగ్గు తీస్తే అయిపోతది. ఆకు తెంపితే మళ్ల మొలుస్తది."

మొదట్లో సరుకు హైదరాబాద్ వ్యాపారికి వేసేవాడు. ఒకనాడు అక్కడినుంచి ఒక అట్టముక్క పట్టుకొచ్చాడు. తన విస్తర్ల కట్టల మీదే అర్థంకాని భాషలో ఉన్న ఆ లేబులు అంటించి ఉందట. చూస్తే జర్మనీలో ఒక దుకాణం పేరు, మెయిల్ అడ్రసు. "నడుమ ఉన్నోనికి తెల్సిన తొవ్వ మనకెందుకు తెల్వదు? రాయి బిడ్డా, ఉత్తరం రాయి" అన్నాడు. ఎగుమతి అవకాశాల మీద అరగంట అనర్గళంగా చెప్పగలదాన్ని, నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

'బెస్ట్ క్వాలిటీ' అని రాస్తే ఒప్పుకునేవాడు కాదు. "బెస్టో కాదో తినేటోళ్లు చెప్తరు. చారు ఎంతసేపు ఆగుతదో గది రాయి." అది తేల్చడానికి విస్తరిలో వేడి వేడి పప్పుచారు పోసి, గడియారం ముందు పెట్టుకుని, ఇద్దరం పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లలా కూర్చునేవాళ్లం. చారు పారబోయనిచ్చేవాడు కాదు. పరీక్ష అయ్యాక చల్లారిపోయిన ఆ చారే అన్నంలో కలుపుకుని తినేవాళ్లం. ఈ ఊళ్లో నేను మరొకరితో కలిసి తిన్నదంటూ ఉంటే ఆ తిండే.

మొదటి శాంపిళ్లు నల్లమచ్చలున్నాయని తిరస్కరించారు. మచ్చలేమిటో మాకు చెప్పాలా, ఉతికి ఆరేసిన బట్టల మీద రోజూ చూసే బొగ్గుపొడే. గోదావరి అవతల ఉన్న జైపూర్ వైపు షెడ్డు మారుద్దామా అన్నాను. "అక్కడ కరెంటు కార్ఖాన బూడిద. ఇటు బొగ్గు, అటు బూడిద, నడుమల మనం. యాడికి పోతం?" అని నవ్వి, ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. మర్నాటి నుంచి ఆకులు కడిగి లోపలే ఆరబెట్టించాడు. కిటికీలకు తడిగుడ్డలు కట్టించి, పూటకోసారి నేల తడిపించాడు. "గనిల దుమ్మును నీళ్లతోనే అణుస్తం. గదే ఇద్య" అన్నాడు. రెండోసారి పంపినవి తిరిగి రాలేదు.

ఒక సంగతి చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. పోయిన ఎండాకాలం, గనిలో పట్టుకున్న ఆయాసం బాగా ముదిరాక, కాక మా అరుగు మీద కూర్చుని అడిగాడు. "బిడ్డా, కంపెనీల నా పేరు పక్కపొంటి నీ పేరు గూడ పెట్టు. నేనెన్నొద్దులుంట?" నాకు భయం వేసింది. సరుకు తిరిగొస్తే? ఆ ఆరుగురి జీతాలు నా మెడకు చుట్టుకుంటే? "నాకెందుకు కాకా, నేను ఉత్తరాలు రాసేదాన్నే కదా" అన్నాను. "సరే తియ్" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను, నా అంతట నేను మాత్రం చెప్పలేదు.

కాక పోయిన సంగతి జర్మనీ వాళ్లకు నేనే రాశాను. సంతాపం తెలుపుతూ జవాబిచ్చారు. ఆ కిందే, ఇకమీదట సరుకుకు బాధ్యులెవరో పేరు రాసి పంపితే ఆర్డరు ఇస్తామని, లేదంటే వేరేచోట చూసుకుంటామని ఉంది. కాక తమ్ముడి కొడుకు అప్పటికే, నడుపుకుంటరో మానుకుంటరో మీ ఇష్టమని, షెడ్డు తాళంచెవి ఆడవాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

దినాలైన మర్నాడు ఆరుగురూ మా ఇంటికొచ్చారు. "మేం జేస్తం మేడం, రాయి" అన్నారు. రాశాను. ఏం రాశావో చదవమంటే తెలుగులో చెప్పాను. "సరుకు అనుకున్న రోజుకు మేము పంపిస్తాము. ఏ లోపం వచ్చినా మేమే బాధ్యులం."

ఫోన్ చేసిన అక్క నా మొహంలోకి చూసింది. "మేము అంటే మేమారుగురమేనా మేడం, నువ్వు గూడనా?"

ఇన్నేళ్లుగా కాక ఉత్తరాల్లో 'మేము' అని రాస్తూనే ఉన్నాను. అందులో నేనెప్పుడూ లేను.

"నేను కూడా" అన్నాను.

"గట్లయితే పేరు పెట్టు."

పెట్టాను. మెయిల్ వెళ్లిపోయింది. వాళ్లు లేచి పనిలోకి పోయారు. నేను దాన్ని మళ్లీ తెరిచి చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు. ఈ మాట కాకతో ఆ ఎండాకాలమే అనాల్సింది. గోడ అవతల మిషన్ మొదలైంది. దాని అదురుకు నా బల్ల మీద, గ్లాసులో నీళ్లు సన్నగా కదులుతున్నాయి.