బైబిలుకి పసుపు

మా అత్త ముక్కు మహా చురుకు. పొయ్యి మీద కూర వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పేస్తుంది. ఆ శనివారం మధ్యాహ్నం నేను కళ్లంలో కాఫీ పళ్లు తిరగేసి లోపలికి వచ్చేసరికి, ఆవిడ నా బైబిలు ఒళ్లో పెట్టుకుని, తెరిచిన పేజీని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూస్తోంది.

"ఏటే ఇది? బైబిలుకి పసుపు రాసినావా?" అంది.

అత్తకి చదువు రాదు. అయినా ప్రతి శనివారం ఇంట్లో ఉన్న రెండు బైబిళ్లూ తుడిచి, ఉతికిన తువ్వాళ్లలో చుట్టి ఆదివారానికి సిద్ధం చేస్తుంది. ఆ సంగతి మరిచిపోయి నేను ఆ పేజీ ఆరడానికని మధ్యలో పుల్ల పెట్టి గూట్లో ఉంచాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఇలాగే ఉంటుంది.

దీనికంతటికీ మూలం ఫోను. మా ఊళ్లో సిగ్నలు బడి వెనక గట్టు మీదే వస్తుంది. ఒకరోజు అక్కడ నిలబడి ఒక వీడియో చూస్తే, ఎవరో పట్నం అమ్మాయి బైబిలు అంచుల్లో పూలూ పక్షులూ గీసి రంగులు వేస్తోంది. దీన్ని బైబిల్ జర్నలింగ్ అంటారట. నోటితో చేయలేని ప్రార్థన చేత్తో చేయడమేనట. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఎందుకంటే నాకు ప్రార్థన రావడం మానేసింది. ఏడో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయాక, కళ్లు మూసుకుంటే లోపల ఏడుపు తిరుగుతుంది కానీ మాట బయటికి రాదు. మా ఆయన విశాఖలో ఆటో తోలుతూ నెలకోసారి వస్తాడు. ఆయనకి చెబితే "దేవుడికి తెలుసులే" అన్నాడు. దేవుడికి తెలిస్తే సరిపోతుందా, నాకు తెలియక్కర్లేదా అని ఒళ్లు మండింది.

సరే, నేనూ మొదలుపెడదామనుకున్నాను. ఆ అమ్మాయి బైబిలు అంచు మా చోడి చేనంత వెడల్పు. నా బైబిలు అంచులో చీమ నడవడానికి కూడా చోటుండదు. అరకు బజారులో కొన్న స్కెచ్ పెన్నుతో ఒక ఆకు గీశాను. ఉల్లిపొర లాంటి ఆ కాగితంలోంచి రంగు దిగి, వెనక పేజీలో నాలుగు మాటలు మునిగిపోయాయి. పేజీకి ముందు ఏదో తెల్లటి పూత పూయాలని వీడియోలో చెప్పారు కదా అని అడిగితే, షాపతను నన్ను ఎగాదిగా చూసి "అవన్నీ వైజాగ్‌లో దొరుకుతాయమ్మా" అన్నాడు. దాంతో వంటింటి మీద పడ్డాను. పూతకి పలచటి గంజి. గోధుమ రంగుకి కాఫీ డికాక్షను. పసుపుకి పసుపే. ఎరుపు కావాలంటే ఆ పసుపులోనే కాస్త సున్నం.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. పసుపులో సున్నం కలిపితే వచ్చేది మామూలు ఎరుపు కాదు. కొండల్లో ఎవరికైనా అవి దిష్టి తీసే ఎర్రనీళ్లు. దిసారి, అంటే ఊరి దేవతకి పూజలు చేసి, జబ్బులకీ గాలికీ విరుగుడు చెప్పే ఆయన, మొదట అడిగేవి అవే. బొమ్మ ధ్యాసలో పడి నాకు అది తట్టనే లేదు.

అత్త లేచి నిలబడింది.

"దిసారి కాడికెల్లినావా? పిల్లలు పుట్టాలని ఇలా సెయ్యమన్నాడా ఆడు?"

"లేదత్తా. బొమ్మేసాను. అంతే."

"బొమ్మకి పసుపూ ఎర్రనీల్లూ ఎందుకే? నన్ను ఎర్రిదాన్ననుకున్నావేటి?"

చెప్పాలనుకున్నాను. ఆవిడ విననే లేదు. ఆవిడ కోపం ఊరికే వచ్చింది కాదు. బాప్తిస్మం తీసుకున్న రోజున గుమ్మానికున్న పసుపు తన చేత్తోనే కడిగేసిందట. ఆ తర్వాత సొంత అన్నదమ్ములు ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. మామ పోయినప్పుడు పాడె మొయ్యడానికి అటునుంచి ఒక్కరూ రాలేదు. అంత పోగొట్టుకున్న మనిషి ఇంట్లోకి, బైబిలు మధ్యలోంచి, మళ్లీ పసుపు వాసన వచ్చింది.

"రేపు అయ్యగారికి సూపిత్తాను. నీకు బల్ల ఇవ్వాలో వద్దో ఆయనే సెప్తాడు," అని బైబిలు తువ్వాల్లో చుట్టి తన పక్కన పెట్టుకుంది. ఆ సాయంత్రం ఇద్దరం అంబలి ఒకరి వైపు ఒకరం చూడకుండా తాగాం.

బల్ల అంటే నెల మొదటి ఆదివారం అందరం కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. దానికి దూరం పెడితే ఊళ్లో తలెత్తుకోలేం. మా సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. తోటివాళ్ల విషయంలో తప్పు చేశామని మనసు పొడిస్తే, రొట్టె పళ్లెం వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కవాళ్లకి అందించాలి. అలా అందుకున్నవాళ్లు అందించినవాళ్ల కోసం అక్కడికక్కడే పైకి, అందరికీ వినబడేలా ప్రార్థన చేయాలి. ఎవరైనా నాకు అలా పళ్లెం అందిస్తారేమోనని నెలల తరబడి నేను మూలన కూర్చుంటున్నాను.

ఆదివారం మంచు ఇంకా విడవకముందే అత్త గబగబా ముందు నడిచింది. రేకుల గుడిలో చాపలు పరుస్తున్న పాస్టరుగారి ముందు బైబిలు తెరిచి పెట్టింది. ఆయన విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన.

"సూడండి అయ్యగారూ! పసుపు, ఎర్రనీల్లు."

ఆయన మొహం ముడుచుకుంది. "దేవుని వాక్యం మీద ఇలా రంగులు పూయడమేంటమ్మా?" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా గుడికీ ఆ సామెత సరిపోయింది అనుకున్నాను. కానీ ఆయన మళ్లీ వంగి, బొమ్మ పక్కన ఏముందో చూశాడు. కాసేపు చదువుకుని, అత్త వైపు తిరిగాడు.

"ఇది పిల్లలు లేని ఆ తల్లి కథ మామ్మా. గుడికొచ్చి గొంతెత్తకుండా ఏడ్చుకుంటూ పెదాలు మాత్రం కదుపుతుంది చూడు, ఆవిడ."

కథలన్నీ అత్తకి నోటికి వచ్చు. నెమ్మదిగా అంది, "అవును. ఆ యాజకుడు తాగొచ్చిందనుకుంటాడు."

అప్పుడు మొదటిసారి బొమ్మ చూసింది. నేను గీసిన ఆడమనిషి మోకాళ్ల మీద ఉంది. ముందు పసుపు రంగు దీపం. మూసిన పెదాలకి ఎరుపు. గడ్డం మీద, అత్తకున్నట్టే, మూడు పచ్చబొట్టు చుక్కలు, ఎందుకంటే ఏడ్చే ఆడవాళ్లలో నేను దగ్గరగా చూసిన మొహం ఒక్కటే. బిడ్డ పోయిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చింది అత్తే. ఆవిడ వేలు తన గడ్డం మీదికి వెళ్లి ఆగింది.

"మీ ఇంటి సంగతి మీకే తెలుసు. ఈవిడ బల్ల తీసుకోవాలో వద్దో మీరే తేల్చండి," అన్నాడు పాస్టరుగారు. దాంతో నా ప్రాణం అత్త చేతిలో పెట్టినట్టయింది.

పాటలైపోయాయి. నేను అత్త పక్కనే కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. పళ్లెం ఒక్కొక్కరి చేతిలోంచి మారుతూ వస్తోంది. నన్ను దాటించి అటువైపు ఇస్తే ఏం చెయ్యాలి? లేచి వెళ్లిపోవాలా, తలవంచుకుని కూర్చోవాలా?

పళ్లెం అత్త చేతికి వచ్చింది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత ఒక్క ముక్క కూడా తీసుకోకుండా, నా చేతుల్లో పెట్టింది.

"నాను ఈపాలి ముట్టను," అంది, గుడంతా వినబడేలా. "నా కోడలు దిసారి కాడికెల్లిందనుకున్నాను. తప్పు నాది."

అందరూ నా వైపు తిరిగారు. పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆవిడ కోసం పైకి ప్రార్థన చేయాల్సింది నేనే. కళ్లు మూసుకున్నాను. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. రాలేదు. వెనక ఎవరో దగ్గారు. సిగ్గుతో, భయంతో చచ్చిపోయాను. అయినా పెదాలు ఆపలేదు, అత్త కోసం, బిడ్డ కోసం, మాట లేకుండానే కదుపుతూ ఉన్నాను.

నా పెదాలు ఆగేదాకా అత్త నా మొహమే చూస్తూ కూర్చుంది.

"ఆమెన్," అంది.