అందరి జాగాలు మార్చాలె

మా పేట కుంఠా నాకాలో, పక్క షెడ్డు మగ్గాల చప్పుడు గోడలోంచి వినిపించే మా ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాను. అందులోని నీలం చేప, కొత్తగా తెచ్చిన నారింజ చేపను రాళ్ల దగ్గరికి రానివ్వకుండా తరిమి తోక కొరికింది. కొత్తదాన్ని బకెట్లోకి తీసి చేపలమ్మే దుకాణదారుకు ఫోన్ చేస్తే, నీలందాన్ని తిరిగిచ్చేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది. మూడేళ్లుగా పెంచుకున్న చేప అది.

చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: “అది చెడ్డది కాదురా. దాని జాగా అది ఇడుస్తలేదు. మా బీడీల కార్ఖానల కొత్తామె వస్తె పాతోళ్లు జరుగుతరా? అందర్ని లేపి జాగాలు మార్చాలె. అప్పుడు అందరు కొత్తోళ్లే.”

రాళ్లన్నీ తీసి వేరేలా పేర్చాక కొత్త చేపను వదిలాను. నీలంది తన పాత సందు వెతుక్కుంటూ తిరిగిందే తప్ప కొత్తదాని జోలికి పోలేదు. ఆ సంగతి దుకాణదారుకు చెప్పాను.

ఇప్పుడు ఎవరి చేపలు కొట్లాడుకున్నా ఆ దుకాణదారే నా నంబరు ఇస్తున్నాడు. నేను ఫోను తీసుకెళ్లి అమ్మ చెవికి ఆనిస్తాను. బీడీ చుట్టడం ఆపకుండా ఆమె మొదట అడిగేది ఒక్కటే.

“మీ దాంట్ల పాతామె ఎవరు?”