తాడుకి అవతల

అటవీ ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే. కొండ మీద తడి రాళ్ల మధ్య మొలిచి, గోరంత పసుపు పువ్వు పూసే అరుదైన మొక్కను లెక్కపెట్టడం. తాడుతో నలుచదరంగా గడి కట్టి, బోర్లా పడుకుని, ఒక్కొక్క మొక్కనీ వేలితో తాకి లెక్కపెట్టేది. తాడుకి అవతల ఉన్నది లెక్కలోకి రాదు. అది ఆఫీసు పద్ధతి, ఆమెకు వేదవాక్కు.

ఆ వాలులోనే ఆమె తమ్ముడు మేకలు మేపేవాడు. ఓ ఏడాది గడిలో రెండు మొక్కలు కొరికేసి కనిపించాయి. ఆమెకు ఒళ్లు మండింది. ఆఫీసరుకు తనే చెప్పి, మేకలు తాగే ఊట నీటితో సహా వాలు చుట్టూ కంచె వేయించింది. తమ్ముడు గొడవేమీ పడలేదు. "మేకల్ని కాదక్కా, నన్నే బయట పెట్టావు" అన్నాడు. ఏడేళ్లు అతను ఆమె గుమ్మం తొక్కలేదు.

కంచె వేసిన ఏడాది మొక్కలు నాలుగు వందలు దాటాయి. ఆమె మురిసిపోయింది కూడా. ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ రెండు వందలు, డెబ్భై, ఈ ఏడాది తొమ్మిదే. మేసేవాళ్లు లేక గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది, నేలకు ఎండే తగలడం లేదు. కంచే చేను మేస్తే అంటారే, ఇక్కడ అక్షరాలా అదే అయింది. తొమ్మిది అని రాసుకున్నప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. లోపల ఏదీ కదల్లేదు.

దిగి వస్తూ కంచె బయట మేకల దారిలో కాలు జారి పడింది. మూతి ముందే పసుపు పువ్వులు. గడ్డిని మేకలు కొరికేసి, గిట్టలతో గీరిన బోసి నేలలో అరవై మూడు మొక్కలు. ఇన్నేళ్లూ దాటుకుంటూ పోయిన దారే. తాడుకి అవతలది కదా అని ఏనాడూ తల వంచి చూడలేదు.

తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది. తప్పు తనదేనని, కంచె తీయించేస్తానని, మందను మళ్లీ పైకి తోలుకురమ్మని చెప్పింది. అతను తెగిన చెప్పు కుట్టుకుంటూ విన్నాడు.

"ఊట నీళ్లు పోయాక ఎన్నాళ్లని లాగనక్కా? పోయిన వారం ఆఖరి మేకని కూడా అమ్మేశాను."

నెలకి కంచె తీసేశారు. ఆమె కొడవలి పట్టుకుని వెళ్లి, పొద్దుగూకే దాకా రెండు గడుల్లో గడ్డి కోసింది. చేతులు బొబ్బలెక్కాయి, నొప్పి తెలియలేదు. దిగేటప్పుడు ఈసారి తల వంచి చూస్తూ నడిచింది. మేకల దారిలో కొత్త గడ్డి చీలమండ దాకా వచ్చేసింది.