రేకు కరిగింది, మాత్ర మిగిలింది

ఆ రోజు పొద్దున్న మా అమ్మాయి మౌనిక లేచేసరికి కళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి. అప్పుడది మూడో తరగతి. ఏదో పురుగు కుట్టి ఉంటుందనుకున్నాను. స్కూల్లో ఎవరైనా ఏడిపించారేమోనని ఆరా కూడా తీశాను. నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. నాలుగో రోజుకి పాదాలు కూడా పొంగి చెప్పులు పట్టలేదు.

ఆత్రేయపురం నుంచి రాజమండ్రి తీసుకెళ్ళాం. యూరిన్ టెస్ట్, బ్లడ్ టెస్ట్ చూసి పిల్లల డాక్టరు గారు, "దీన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారమ్మా. కిడ్నీల్లోంచి ప్రోటీన్ బయటికి పోతోంది. స్టెరాయిడ్ వాడాలి. మధ్యలో మానేస్తే ప్రమాదం" అన్నారు. స్టెరాయిడ్ అనగానే నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. ఇంకో డాక్టరు గారికి చూపించాను. ఆయనా అదే చెప్పారు.

ఉప్పు తగ్గించాలి, కొన్నాళ్ళు స్కూలు మాన్పించాలి. రోజూ పొద్దున్నే యూరిన్‌లో స్ట్రిప్ ముంచి చూడాలి. పసుపు రంగు ఆకుపచ్చగా మారితే ప్రోటీన్ పోతున్నట్టు. అన్నిటికంటే కష్టం ప్రెడ్నిసలోన్ మాత్రలు. ఒకటే చేదు. మాది పూతరేకులు చేసే ఇల్లు. అందుకని ఉత్త రేకు ముక్కలో మాత్ర చుట్టి నోట్లో పెట్టేదాన్ని. అయినా సగం సార్లు కక్కేసేది.

అప్పుడే హైదరాబాద్‌లో చదువుతున్న మా మరిది శ్రీను చిన్న ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చిచ్చాడు. "ఇందులో పిల్లల కథలున్నాయి వదినా. ఎవరో చెప్పి నెట్‌లో పెడతారు. పాడ్‌కాస్ట్ అంటారు."

"ఎవరో అంటే ఎవరు? మొహం చూశావా?"

"గొంతు వింటే చాలదేంటి వదినా!"

నాకు చాలలేదు. పిల్ల మంచం మీద పడుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని తనలో తను నవ్వుకునేది. మాత్ర పెడితే గుటుక్కున మింగేసి మళ్ళీ కథలో పడేది. మూడు వారాలకి స్ట్రిప్ పసుపుగానే ఉండసాగింది. చంద్రుడెందుకు తగ్గుతాడు, తాబేలు ఎన్నాళ్ళు బతుకుతుంది అని నన్ను అడిగేది, నాకు తెలియకపోతే తనే చెప్పేది. స్కూలు లేని పిల్ల ఇన్ని నేర్చుకుంటోందని సంతోషించాల్సింది పోయి, ఆ గొంతు ఇంకేం నూరిపోస్తోందోనని బెంగపడ్డాను.

ఇంతలో దాని మొహం గుండ్రంగా ఉబ్బింది. "స్టెరాయిడ్ వల్లేనమ్మా, తర్వాత తగ్గిపోతుంది" అని డాక్టరు గారు ముందే చెప్పారు. పక్కింటి వరలక్ష్మి గారు మాత్రం, "చెవిలో ఆ వైర్ల వల్లేమోనండి" అన్నారు. నేను ఆవిడ మాటే నమ్మాను. ప్లేయర్ తీసి బియ్యం డబ్బాలో దాచేశాను.

మౌనిక గొడవ చెయ్యలేదు. అనుమానించాల్సింది అక్కడే. అక్కడ మాత్రం నాకు అనుమానం రాలేదు.

రెండు వారాలు తిరక్కుండా స్ట్రిప్ ఆకుపచ్చగా మారింది, కళ్ళు మళ్ళీ ఉబ్బాయి. రాజమండ్రి పరుగెత్తాం.

"మాత్రలు మింగుతోందా?" అన్నారు డాక్టరు గారు.

"నా చేత్తోనే రేకులో చుట్టి పెడుతున్నానండి."

"రేకు సరేనమ్మా, మాత్ర లోపలికి వెళ్ళడం చూశారా?"

అడ్మిట్ చేసుకున్నారు. బట్టల కోసం ఇంటికొచ్చి పిల్ల సామానంతా వెతికాను. జామెట్రీ బాక్స్‌లో గుప్పెడు మాత్రలు, కొన్నిటికి ఎండిన రేకు అంటుకుని ఉంది. నాలుక మీద పడగానే కరిగిపోయే రేకుకే కదా మా ఊరికి పేరు! ఆ సంగతి నేనే మర్చిపోయాను. రేకు కరిగిపోయేది, మాత్ర బుగ్గలో మిగిలేది, నేను అటు తిరగ్గానే అది పెట్టెలోకి చేరేది.

ప్లేయర్ కూడా తీసుకుని హాస్పిటల్‌కి వెళ్ళాను. ఎందుకిలా చేశావని అడిగితే, "కథ వింటుంటే చేదు తెలిసేది కాదమ్మా. నువ్వు తీసేశాక తెలిసింది" అంది. వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను. ఆ మధ్యాహ్నం ఒక వైరు దాని చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని మొదటిసారి ఆ కథ విన్నాను. ఎవరో ఆవిడ, తీరిగ్గా, ముద్దుగా చెబుతోంది. తప్పు పట్టాలనే విన్నాను, ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత జలుబు చేసి ఇంకోసారి తిరగబెట్టింది. మాత్రలు పూర్తిగా ఆపడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు మౌనిక ఏడో తరగతి, మందులు లేవు. మా వసారాలో రేకులు చుట్టేవాళ్ళకి పని సాగుతున్నంతసేపూ కథలు చెబుతుంది. నేను మాత్రం స్ట్రిప్ ఇంకా మానలేదు.

ఇలాంటి పిల్లలున్న తల్లులకి ఒకటే చెబుతాను. మాత్ర వేశాక నీళ్ళు తాగించి, నోరు తెరిపించి, నాలుక కింద, బుగ్గల్లో చూడండి. పిల్ల దేనితో ధైర్యం తెచ్చుకుంటోందో దాన్ని మాత్రం లాక్కోకండి. భయమైతే మీరూ పక్కన కూర్చుని వినండి.

మొన్న అది స్కూలు నుంచి రాగానే, "టిఫిన్ తిన్నావా?" అని అడిగాను, అంతే. నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది.