సాకెట్ తీశాక కదిలిన గీత

దయ్యాల ముచ్చట్లు మొదలైతే నేను లేచి వెళ్లిపోతాను. ఆటోమొబైల్ డిప్లొమా చదివాను. మీటర్‌కు అందనిదాన్ని నమ్మను. ఇప్పుడూ దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మెట్టుగూడలో ఒక కార్ల షెడ్డులో పనిచేస్తాను. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, చిలకలగూడ నుంచి యాదగిరి అనే క్యాబ్ డ్రైవర్ వచ్చాడు. ఇంజన్ లైటు ఆరడం లేదు. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని వేరేచోట రెండుసార్లు మార్చారట.

"సెన్సర్ మీద సెన్సర్ తింటున్నది తమ్మీ. దీనికేం ఆకలో," అన్నాడు.

కారు వాళ్ల అన్నది. రైల్వే స్టేషన్ బయట ఏసీ వేసుకుని పడుకుని, డ్రైవర్ సీట్లోనే చనిపోయాడట. గుండె ఆగిందన్నారు. ఇప్పుడు గిరాకీ లేనప్పుడు యాదగిరీ ఆ సీట్లోనే పడుకుంటున్నాడు.

ఈ సెన్సర్ పొగ పైపులో ఉంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలుస్తుంది. కారుకు తగిలించే స్కానర్ తెరమీద అదొక గీత. సెన్సర్ బాగుంటే గీత గబగబా పైకీ కిందికీ గెంతుతుంది. నేను చూసే వరుస ఎప్పుడూ ఒకటే: వైరు, సెన్సర్, పైపు. వైరును పరీక్షించడానికి సెన్సర్ సాకెట్ ఊడదీస్తే గీత చదునుగా పడి ఉండాలి.

ఇంజన్ ఆపొద్దని యాదగిరికి చెప్పి సాకెట్ తీశాను. ఆయన కిటికీ అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, సీటు వాల్చాడు.

గీత చదును కాలేదు. మెల్లగా లేచింది, మెల్లగా దిగింది, నిద్రపోయే మనిషి ఛాతీలా. స్కానర్ ఆపి మళ్లీ పెట్టాను. అదే. కాసేపటికి, దిగిన గీత లేవడానికి ఆలస్యం చేయసాగింది.

ఎందుకో వెళ్లి తలుపు తీశాను. పిలిస్తే యాదగిరి పలకలేదు. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, మా మేస్త్రీతో కలిసి ఆయన్ని బయటికి లాగాను. వాంతి చేసుకున్నాక కళ్లు తెరిచాడు. ఆసుపత్రిలో బతికాడు.

తర్వాత కారు పైకెత్తి చూశాం. సెన్సర్‌కు ముందే పైపు చిట్లింది. అక్కడ బయటి గాలి కలిసి లెక్క తప్పుతోంది. సీటు కింద రేకు తుప్పుపట్టి కన్నం పడి, విషపు పొగ లోపలికి వస్తోంది. సెన్సర్ తప్పు ఎప్పుడూ లేదు.

యాదగిరి వచ్చి ఆ కన్నం చూశాడు. "మా అన్న సుత గిట్లనే పోయిండా?" అని అడిగాడు. అయ్యుండొచ్చన్నాను.

"అంటే గుండె మంచిగనే ఉండె."

ఆయనకు చెప్పనిది ఒకటుంది. ఆయన్ని నేలమీద పడుకోబెట్టాక స్కానర్ వైపు చూశాను. సాకెట్ ఊడి వేలాడుతోంది. ఇంజన్ ఆగింది. సీటు ఖాళీ. గీత ఇంకా లేస్తోంది, దిగుతోంది. ఒకసారి దిగి, మళ్లీ లేవలేదు.

వైరు, స్కానర్, కారు కంప్యూటర్ అన్నీ పరీక్షించాను. ఎందులోనూ లోపం దొరకలేదు. అది దేన్ని కొలిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.